మొగుడి సాక్ష్యం

పొద్దున్నే స్టవ్ మీద టీ మరుగుతోంది. అత్తగారు హాల్లోంచి కోడల్ని పిలిచింది. మళ్లీ పిలిచింది. పలుకు లేదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అని కొడుకుతో అంది.

దీనికంటే గోడ నయం, అరిస్తే తిరిగి మన గొంతైనా వినపడుతుంది అన్నాడు కొడుకు. తల్లీకొడుకులు హాయిగా నవ్వుకున్నారు. ఆ ఇంట్లో రోజూ జరిగే వేడుకే అది.

కోడలు నగరపాలక సంస్థలో అగ్నిప్రమాదాల ఫోన్లు అందుకునేది. ఇల్లు తగలబడుతోందని ఏడుస్తూ చెప్పేవాళ్ల చిరునామాని కూడా ఒక్కసారికే పట్టేసేది. ఆమె చెవి మిషన్ కొత్త అధికారి కంటపడింది. అంతే, పాత ఫైళ్ల గదిలోకి నెట్టేశారు. పరీక్ష పెట్టి చూడమంటే వినలేదు. లోపం సాకుతో పని లాక్కోవడం అన్యాయమని ఆమె సంస్థ మీదే కేసు వేసింది. మొగుడి ఉద్యోగమూ అక్కడే, పన్నుల విభాగంలో. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా అని అత్తగారు ఆనాడే దులిపేసింది. సంస్థ తన తరఫున సాక్షిగా పిలిచింది ఎవర్నో కాదు, ఆ మొగుణ్నే.

ఇంట్లో పిలిస్తే ఆవిడ పలుకుతుందా అని ఆరోజు కోర్టులో సంస్థ లాయరు అడిగాడు.

"ఎన్నిసార్లు పిలిచినా పలకదండీ," అన్నాడు మొగుడు. గోడ సంగతి కూడా చెప్పాడు. హాలంతా నవ్వింది. ఆమె తలెత్తలేదు.

ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలదీసింది. పైవాళ్లు అడిగితే ఏం చెయ్యను, నా ఉద్యోగం నాకుండొద్దా అన్నాడతను. ఉన్నమాటంటే ఉలుకెందుకని అత్తగారు వంత పాడింది.

ఆమె జుట్టు పక్కకి తీసి చెవికున్న మిషన్ చూపించింది.

"ఇది ఉంటే నాకు అన్నీ వినపడతాయి. ఇంట్లో అడుగుపెట్టగానే తీసేస్తాను."

"ఎందుకు?"

"పెళ్లైన కొత్తలో తీసేదాన్ని కాదు. మీ ఇద్దరి నవ్వులూ విన్నాక మొదలుపెట్టాను."

ఇన్నాళ్లూ తాము చెవుడని వెక్కిరించింది తమ నోటికి భయపడ్డ మనిషినని అతనికి అప్పటికి తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. తప్పయిందని చెయ్యి పట్టుకోబోతే ఆమె వెనక్కి తీసుకుంది.

"నాకు కాదండీ. అక్కడ చెప్పండి."

తర్వాతి వాయిదాకి ఆమె లాయరు అతన్ని మళ్లీ బోనెక్కించింది. మిషన్ ఉంటే తన భార్యకి అంతా వినపడుతుందనీ, ఇంట్లో తమ మాటలు పడలేకే తీసేస్తుందనీ ఒప్పుకున్నాడు. ఏం మాటలని జడ్జిగారు అడిగారు. అతను జనంలో కూర్చున్న తల్లి వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. ఇక తప్పలేదు. చెవిటి మొద్దు అన్నామన్నాడు. మా నెత్తిన పడ్డ దరిద్రం అన్నామన్నాడు. పిల్లలు పుట్టకపోవడమే మంచిదైంది, వాళ్లూ చెవిటివాళ్లే అయ్యేవాళ్లు అనుకున్నామన్నాడు. అక్కడ భోరుమన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కావాలంటే కాసేపు బయట కూర్చోమ్మా అని జడ్జిగారు ఆమెతో అన్నారు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"వద్దండీ. నేను విననివి ఇంకా ఉంటాయి. పూర్తిగా చెప్పనివ్వండి."