ఎడమవైపు తలుపు

ఆదివారం పొద్దున్నే షెడ్డులో టక్కుమని చప్పుడైంది. అప్పలనరసమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. పాత అంబాసిడర్ వెనక ఎడమ తలుపు మళ్ళీ దానంతటదే తెరుచుకుంది. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆమె వెళ్ళి తలుపు మూసి, కాసేపు అక్కడే నిలబడి వస్తుంది. వడ్డాది రోడ్డు మీద నడుస్తున్న కారులోంచి, ఆమె భర్త గణపతిరావు ఆ తలుపు తీసుకునే దూకి చనిపోయాడట. ఇప్పటికీ ఆయన అందులోంచి దిగుతూనే ఉన్నాడని ఆమె నమ్మకం.

ఆయన పోయిన రోజు పొద్దున్నే ఆమె ఆయనతో పోట్లాడి, మళ్ళీ మొహం చూపించొద్దంది. ఏనాడూ మాట విననివాడు, ఆ ఒక్కటీ విన్నాడు మహానుభావుడు.

షెడ్డులోకి వెళ్ళేసరికి మరిది కూతురు కీర్తి అప్పటికే తలుపు దగ్గర స్క్రూలు విప్పుతోంది. విశాఖలో కార్ల మెకానిక్కు, సెలవుకి వచ్చింది.

"ఒసే, ముట్టుకోకు! మీ పెదనాన్న సీటది."

"లాకు పాడైతే తలుపు తెరుసుకోదా ఏటి పెద్దమ్మా? కొత్తది తెచ్చేను, బిగించేస్తాను."

"నీకేటి తెలుసే గుంటా! లోపల్నించి ఆయన తీస్తన్నాడు."

కీర్తి పని ఆపలేదు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, లాకు బయటికి లాగింది. తలుపును పట్టి ఉంచాల్సిన పన్ను నున్నగా అరిగిపోయి ఉంది. అది జారకుండా ఎవరో కట్టిన ఇనుప తీగ, తుప్పు పట్టి, రెండుగా తెగి వేలాడుతోంది.

"నాన్నా! ఆ రోజు నుంచీ ఈ కారెవరూ ముట్టుకోలేదన్నావు కదా. మరి అంతకు ముందే ఈ తీగ ఎవరు కట్టేరు?"

గుమ్మంలో నిలబడ్డ ఆమె తండ్రి సత్యారావు మొహం పాలిపోయింది. ఆనాడు కారు నడిపింది అతనే. అన్న దూకడం చూశానని ఊరందరికీ చెప్పిందీ అతనే.

"సత్యారావూ, నా వేపు సూడు," అంది అప్పలనరసమ్మ.

"నేనే కట్టేను వదినా. లాకు అరిగిపోయిందని తెలుసు. తరవాత మార్పిద్దాంలే అనుకున్నాను. మలుపులో తీగ తెగిపోయింది. అన్న దూకలేదు, పడిపోయేడు. కేసవుద్దని భయమేసి అబద్ధం సెప్పేను."

"నా మాటకే సచ్చిపోయేడని పదకొండేళ్ళు ఏడిసేనురా! ఎదురుగా కూకుని అన్నం తింటా సూసేవు కదా!"

సత్యారావు ఆమె కాళ్ళ మీద పడ్డాడు. కొట్టమన్నాడు. ఆమె చెయ్యెత్తింది కూడా. కొట్టలేకపోయింది. చెయ్యి దించి అడిగింది.

"ఆఖరున ఏటన్నాడు?"

"వడ్డాదిలో టీ తాగుదామన్నాను వదినా. 'వద్దురా, వేగిరం పద. మీ వదిన కోపంతో అన్నం మానేసుంటాది, ఎళ్ళి తినిపించాల' అన్నాడు."

నిజమే. ఆ రోజు ఆమె మెతుకు ముట్టలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అప్పలనరసమ్మ అక్కడే నేల మీద కూలబడి, పైట నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కీర్తి వచ్చి భుజం పట్టుకుంది. కాసేపటికి ఆమె చెయ్యి చాచి మరిది తల నిమిరింది.

"లే బాబూ. మీ అన్న నన్నొదిలేసి ఎళ్ళిపోలేదు. నా కాడికే వస్తన్నాడు."