సీబ్ బజారులో మాయమైన తుపాకి

ఇక్బాలున్నీసా ఆఫీసుకు మొదటిసారి వచ్చేవాళ్లు తలుపు దగ్గరే ఆగి, "సారు లేరా?" అని అడుగుతారు. "సారూ నేనే, మేడమూ నేనే, కూర్చోండి" అంటుందావిడ. ఆ శుక్రవారం సాయంత్రం వచ్చిన ఫయాజ్ మాత్రం ఏమీ అడగలేదు. కుర్చీ అంచున కూర్చుని, ఎదురుగా పెట్టిన మంచినీళ్లు గడగడా తాగేసి, "ఆపా, నేను దొంగను కాదు" అన్నాడు.

మస్కట్‌లోని బౌషర్‌లో ఒక దర్జీ కొట్టు మీద మేడగదిలో ఉంటుంది ఆ ఆఫీసు. ఇక్బాలున్నీసాది కడప. మస్కట్ మాల్స్‌లో సరుకు కొట్టేసేవాళ్లను పట్టుకునే డ్యూటీ చేసీ చేసీ, ఒకరికింద పనిచేయడం విసుగెత్తి, సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టింది. సహాయకుడు వీరబ్రహ్మం మైదుకూరు మనిషి. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఆవిడకున్న తెలివి ఇంకెవరికీ లేదని అతని గట్టి నమ్మకం. తనకూ కొంత ఉందని ఇంకో నమ్మకం. ఈ రెండో నమ్మకం వల్ల కేసు సగం వినకముందే దొంగ పేరు చెప్పేస్తుంటాడు.

"నువ్వు దొంగవని ఎవరన్న్యారు నాయనా?" అంది ఇక్బాలున్నీసా.

"అర్బాబ్ అన్న్యాడు ఆపా, మా యజమాని. సీబ్ బజారులో తుపాకుల కొట్టు రషీద్ గారు. వాళ్లింట్లోనే నేను డ్రైవరును. వాళ్ల నాయన కాలం రైఫిలు, వెండి పట్టీలుండేది, కనపడకుండా పోయింది. నేనే తీసినానంట."

"నిన్ను పనిలో నుంచి తీసేసినారా?"

"ఆదివారం పొద్దున లోపల తుపాకి రాకపోతే పోలీసులకు చెప్పి, వీసా క్యాన్సిల్ చేస్తా అన్న్యాడు. పని పోతే పోనీ ఆపా, ఇంకోటి చూసుకుంటా. అర్బాబ్ మా రూముకొచ్చి, అందరి ముందర నా పెట్టె తెరిపించె. ఆ రూములో సగం మంది నేను మాటిచ్చి రప్పించిన మా ఊరోళ్లే. అప్పటి నుంచి నాతో ఎవురూ మాట్లాడ్డంల్యా. ఊర్లో మాయమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పినారంట." అతను ఖాళీ గ్లాసు మళ్లీ ఎత్తి దించాడు. "నా పేరు నాకు తెచ్చియ్యి ఆపా. అంతే."

ఇక్బాలున్నీసా దిండు సర్దుకుని కూర్చుంది. "బుధవారం ఏం జరిగింద్యో మొదటి నుంచి చెప్పు. తొందర లేదు."

ఫయాజ్ చెప్పింది ఇదీ. రషీద్ తమ్ముడి కొడుకు ఫహద్. తండ్రి పోయాక పెదనాన్న ఇంట్లోనే పెరిగాడు. ఈమధ్య ఒక పెద్ద మాల్‌లో కొత్త వేట తుపాకి కొన్నాడు. సొంత కొట్టుండగా మాల్‌కు పోతాడా అని ఇంట్లో ఒకటే రభస. బుధవారం మధ్యాహ్నం ఆ తుపాకి డబ్బా పెదనాన్నకు చూపిస్తానని బయలుదేరాడు.

"డబ్బా చంకలో పెట్టుకుని, ల్యాప్‌టాప్ సంచి, ఖర్జూరాల బుట్ట, ఫహద్ సారు నీళ్ల సీసా, అన్నీ నేనే కొట్లోకి మోసినా" అన్నాడు ఫయాజ్.

"నీళ్ల సీసా కూడానా?" అన్నాడు వీరబ్రహ్మం.

"సారు ఏదీ పట్టుకోడన్నా. డ్రైవరుండేది దానికే కదా."

డబ్బా చూడగానే రషీద్ మండిపడ్డాడు, మాల్ సరుకు తన కొట్టులో తెరవొద్దన్నాడు. అంతలో పాత వస్తువుల వ్యాపారి అఖీల్ వచ్చాడు. రషీద్ మందసంలోంచి పాత రైఫిలు తీసి అతనికి చూపించాడు. మళ్లీ లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి సొరుగులో వేశాడు. మర్నాడు వచ్చి కొనుక్కుంటానని అఖీల్ వెళ్లిపోయాడు. అతని భుజాన పొడవాటి గాలం సంచి ఒకటుంది.

"అఖీల్!" అన్నాడు వీరబ్రహ్మం, కుర్చీలోంచి లేస్తూ. "గాలం సంచి ఆపా! వెనకదారిన మళ్లీ వచ్చుంటాడు!"

"కూర్చో బ్రమ్మం. నువ్వు చెప్పు నాయనా."

"నమాజు పిలుపు అయ్యింది. అర్బాబ్ మసీదుకు పాయ. ఫోన్ వచ్చిందని సారు ఆగె. నన్ను టీ తెమ్మనె. టీ తెచ్చేలోపల డబ్బా డిక్కీలో పెట్టుకుని, కారు కాడ నిలబడి ఉండె. పెద్దాయన వచ్చేదాకా నువ్వు కొట్లో కూర్చో, నేను ఏసీలో ఉంటా అనె. కూర్చున్న్యా. మర్సటి రోజు అఖీల్ సేటు వచ్చినాక మందసం తెరిస్తే రైఫిలు ల్యా. బయటోళ్లలో ఒంటరిగా కొట్లో ఉన్నోడివి నువ్వే, వెనక తలుపులోంచి ఎవురికో అందించినావ్ అంటాండారు."

ఇక్బాలున్నీసా లేచి ఫయాజ్ భుజం తట్టింది. "పోయి నిద్రపో. రేపు చూస్తా."

శనివారం ఉదయం సీబ్ బజారులో రషీద్ కొట్టు వెతకనక్కరలేకపోయింది. చేపల సంత వాసన దాటగానే సాంబ్రాణి వాసన వచ్చింది, దాని వెంట పోతే కొట్టు వచ్చింది. గోడనిండా తుపాకులు, ఖంజర్ బాకులు, తోలు పట్టాలు. రషీద్ తెల్లగడ్డం మనిషి. కోపంగానే ఉన్నాడు గానీ, వచ్చినవాళ్లకు కహ్వా కాఫీ పొయ్యకుండా కోపం చూపించడం ఆయనకు చేతకాదు. గల్ఫ్‌లో అందరూ మాట్లాడే ఆ కలగాపులగపు హిందీలోనే మాటలు సాగాయి.

"మీ దగ్గర తుపాకి కొనాలంటే ఏం చెయ్యాలి?" అంది ఇక్బాలున్నీసా.

"లైసెన్సు తేవాలి. అది సర్కారు కోసం. నాకోసం కూర్చోవాలి, కహ్వా తాగాలి. ఎవరి కొడుకువి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఎవరితోనైనా తగాదా ఉందా, అన్నీ అడుగుతాను. తుపాకి చొక్కా కాదు, సైజు చూసి ఇవ్వడానికి."

"ముఖం నచ్చకపోతే?"

"స్టాకు లేదంటాను."

వీరబ్రహ్మం గోడవైపు చూశాడు. "ఇన్ని కనపడుతున్నాయి కదా?"

"కనపడనీ. నేను లేదంటే లేదు." ముసలాయన ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఫహద్ ఎప్పుడూ మిమ్మల్ని అడగలేదా?"

"మీసం వచ్చినప్పటి నుంచీ ఏటా అడుగుతూనే ఉన్నాడు. వాడింకా పసివాడు. స్టాకు లేదని చెబుతూ వచ్చాను." నవ్వు మాయమైంది. "చివరికి మాల్‌కు పోయాడు. ఇంటివాడే అక్కడికి పోయాక ఈ కొట్టు ఎవరికోసం? మా నాన్న రైఫిలు అమ్మేసి తలుపులు మూసేద్దామనుకున్నాను."

"వాడు తెచ్చిన డబ్బా తెరిచి చూశారా?"

"వేలు కూడా పెట్టలేదు."

సరిగ్గా అప్పుడే బేరం సంగతి కనుక్కుందామని అఖీల్ దిగాడు. హైదరాబాద్ మనిషి. భుజాన అదే సంచి. వీరబ్రహ్మం ఆగలేక సంచిలో చెయ్యి పెట్టేశాడు. చెయ్యి బయటికి తీశాక కొట్టులో సాంబ్రాణి వాసన ఓడిపోయింది.

"ఎర చేపలు భాయ్" అన్నాడు అఖీల్, ఏమాత్రం నొచ్చుకోకుండా. "రైఫిల్ పెట్టాల్నంటే గాలం ఏడ పెట్టుకోవాలె? అయినా నేను కొననీకి వచ్చినోన్ని. పొద్దుగాల పైసలిచ్చి తీసుకపొయ్యేదాన్ని ముందురోజు దొంగతనం ఎందుకు చేస్త?"

వీరబ్రహ్మం చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

అక్కడి నుంచి వాళ్లు ఫహద్ తుపాకి కొన్న మాల్‌కు వెళ్లారు. గుడారాలు, గాలాలు, వేట బూట్లు దాటాక తుపాకుల కౌంటరు. ప్రతిదానికీ ధర చీటీ, ఎక్కడా బేరం లేదు, ఎవరి కొడుకువని అడిగేవాళ్లు లేరు. వీరబ్రహ్మానికి ఆ పద్ధతి భలే నచ్చింది. కౌంటరులో సానియా అనే హైదరాబాద్ అమ్మాయి ఉంది.

"ముఖం కూడా చూడకుండా ఇచ్చేస్తారామ్మా?" అంది ఇక్బాలున్నీసా.

"మేము ముఖం చూడం మేడమ్, కాయితాలు చూస్తం. పైసలన్నీ కట్టినా సరే, పోలీసు పర్మిషన్ రాంది తుపాకి ఈ కౌంటర్ దాటదు. అద్దాల రూమ్‌ల పెడ్తం. కొందరు ఓపిక లేక, కనీసం డబ్బన్న ఇయ్యుండ్రి, ఇంట్ల చూపించుకుంటం అంటరు. అట్టడబ్బకు పర్మిషన్ ఎందుకు? ఇచ్చేస్తం."

ఇక్బాలున్నీసా మూలనున్న డబ్బా చూపించింది. "లోపల తుపాకి ఉన్న డబ్బానేనా అది? బ్రమ్మం, ఒకసారి ఎత్తు."

తన కండబలం పరీక్షిస్తోంది కాబోలనుకుని వీరబ్రహ్మం ఒంటిచేత్తో లాగాడు. కదిలింది గానీ లేవలేదు. రెండో చెయ్యీ వేసి, పొట్టకు ఆనించుకుని ఎత్తాల్సి వచ్చింది. ఆవిడ అప్పటికే సానియా చెవిలో ఏదో అడుగుతోంది. సానియా తల ఊపి అద్దాల గదిలోకి వేలు చూపించింది.

"ఎవరు ఆపా?" అన్నాడు వీరబ్రహ్మం లిఫ్టులో, ఆయాసపడుతూ.

"సాయంత్రం అందర్నీ కొట్లోకి పిలిపియ్యి. ఫయాజ్‌ను కూడా."

సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు అయ్యాక అందరూ చేరారు. రషీద్ గద్దె మీద, పక్కన ఫహద్, ఎదురుగా అఖీల్. ఫయాజ్ గుమ్మం దగ్గర నిలబడితే ఇక్బాలున్నీసా చెయ్యిపట్టి లోపలికి లాగి కూర్చోబెట్టింది. తలుపు దగ్గర వీరబ్రహ్మం కాపలా నిలుచున్నాడు, ఎవరు పారిపోతారో తెలియకపోయినా.

"ఫహద్ బాబూ, నీ కొత్త తుపాకి ఎక్కడుంది?"

"ఇంట్లో" అన్నాడు ఫహద్.

"కాదు. మాల్‌లో ఉంది. నీ పేరు చీటీ కట్టి అద్దాల గదిలో నిలబెట్టారు, మధ్యాహ్నం చూసి వచ్చాను. నీకింకా పర్మిషన్ రాలేదు. నువ్వు అడిగి తెచ్చుకున్నది డబ్బా మాత్రమే."

రషీద్ తల తిప్పి కొడుకులాంటి ఆ కుర్రవాడి వంక చూశాడు.

"పెద్దాయన మాల్ డబ్బా తెరవనివ్వడని నీకు ముందే తెలుసు" అంటూ ఇక్బాలున్నీసా నెమ్మదిగా మొదలుపెట్టింది. "అందుకే ఖాళీదాన్ని ధైర్యంగా తెచ్చావు. ఆయన మసీదుకు పోయాడు, ఫయాజ్‌ను టీకి పంపావు. సొరుగులో తాళంచెవి, మందసంలో రైఫిలు, చేతిలో డబ్బా. డబ్బాతో వచ్చినవాడు డబ్బాతోనే పోతే ఎవరికీ అనుమానం రాదు. అంతా బాగానే చేశావు, రెండు తప్పులు తప్ప. తుపాకి ఉన్న డబ్బాను మా బ్రహ్మం రెండు చేతులా ఎత్తడానికే ఆపసోపాలు పడ్డాడు. ఫయాజ్ దాన్ని చంకలో పెట్టుకుని, ఇంకో మూడు వస్తువులు మోసుకొచ్చాడు. అంటే వచ్చేటప్పుడు అందులో ఏమీ లేదు."

"రెండోది?" అన్నాడు అఖీల్, కథ వింటున్న ఆసక్తితో.

"నీళ్ల సీసా కూడా డ్రైవరు చేత మోయించే బాబు, పోయేటప్పుడు ఆ డబ్బాను తనే మోసుకుని డిక్కీలో పెట్టుకున్నాడు. ఫయాజ్ మోస్తే బరువు తెలిసిపోతుంది కదా!"

ఆహా అనుకున్నాడు వీరబ్రహ్మం. ఈ రెండు ముక్కలూ ఫయాజ్ నోట తనూ విన్నాడు. విని, నీళ్ల సీసా గురించి అడిగింది కూడా తనే.

ఫహద్ తల వంచుకున్నాడు. "రైఫిలు నా మంచం కింద ఉంది. దుప్పటి చుట్టి పెట్టాను."

"ఎందుకురా?" అన్నాడు రషీద్. "అమ్ముకుందామనా?"

"నువ్వు అమ్మకుండా ఉండాలని! తాత తుపాకి పోతే కొట్టు పోతుంది. నావల్లే మూస్తున్నావని నాకు తెలీదా?" ఫహద్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏటా నీ దగ్గరే కొనాలని అడిగాను పెదనాన్నా. గోడనిండా ఉన్నా నాకు మాత్రం స్టాకు లేదన్నావు. నచ్చని ముఖాలకు అలా చెబుతావని బజారంతటికీ తెలుసు. మాల్‌వాళ్లు ముఖం చూడరు. అందుకే పోయాను."

ముసలాయన గోడమీది తుపాకుల వంక చూశాడు.

"ముఖం చూడని కొట్టు కాగితం లేదని తుపాకి ఇవ్వలేదు, మంచిదే. ముఖం చూసి ఇవ్వడమూ మంచిదే" అంది ఇక్బాలున్నీసా. "కానీ రషీద్ సాబ్, ఊరందరి ముఖాలూ చదివారు, ఇంట్లో ముఖం ఒక్కటే చదవలేదు." ఆ వెంటనే ఆమె గొంతు మారింది. "నువ్వు మాత్రం ఏడుపు ఆపు ఫహద్. ఇది మీ ఇంటి గొడవ. మధ్యలో ఈ మనిషిని దొంగ అంటుంటే మూడు రోజులు నోరెందుకు తెరవలేదు?"

"పెదనాన్న అఖీల్‌ను అనుమానిస్తాడనుకున్నాను. ఫయాజ్ మీదికి పోయేసరికి భయమేసింది."

"అరె వాహ్!" అఖీల్ ఎగిరి లేచాడు. "అంటే నన్ను ఇరికిద్దామనుకున్నవా? చాయ్ కూడా తాగిపియ్యకుండ!"

నవ్వకూడదనుకుంటూనే వీరబ్రహ్మం నవ్వేశాడు. రషీద్ నవ్వలేదు. లేచి ఫయాజ్ ముందుకు వచ్చి, చేతులు పట్టుకున్నాడు. "తప్పు నాది. జీతం పెంచుతాను. ఊరికి వెళ్లి రా, టికెట్ నేను తీస్తాను."

ఫయాజ్ నిలబడ్డాడు. అంత పెద్దమనిషి ముందు అతని గొంతు లేవడం వీరబ్రహ్మం అప్పుడే విన్నాడు.

"జీతం వద్దు అర్బాబ్. నా పెట్టె మీరు రూములో తెరిపించారు. నేను దొంగను కానని కూడా ఆ రూముకే వచ్చి చెప్పండి."

ఒక యజమాని డ్రైవరు రూముకు వెళ్లి తప్పు ఒప్పుకోవడం వీరబ్రహ్మం ఎన్నడూ చూడలేదు, వినలేదు. రషీద్ తలపాగా సరిచేసుకున్నాడు. చేతికర్ర అందుకున్నాడు.

"పదండి" అన్నాడు. తరువాత ఫహద్‌తో, "కారు నువ్వు నడుపు" అన్నాడు. ఫయాజ్‌ను వెనకసీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఫయాజ్ వాళ్ల రూములో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అర్బాబ్‌ను చూసి అందరూ లేచి గోడకు ఆనుకున్నారు. మంచం మీదున్న రామసుబ్బయ్య అనే పెద్దాయన లుంగీ సర్దుకుంటూ ఫయాజ్ వంక జాలిగా చూశాడు, ఇక పట్టుకుపోతారనుకుని.

రషీద్ గది నడిమధ్య నిలబడ్డాడు. "ఫయాజ్ చోర్ నహీ" అన్నాడు. కర్ర ఎత్తి గుమ్మంలోని ఫహద్‌ను చూపించాడు. "చోర్ మేరా భతీజా. ఔర్ గల్తీ మేరా." దొంగ తన తమ్ముడి కొడుకేనని, తప్పు తనదని.

అక్కడివాళ్లకు వినపడలేదనుకున్నాడో ఏమో, ఇంకాస్త గట్టిగా మళ్లీ అన్నాడు. రామసుబ్బయ్య వచ్చి ఫయాజ్‌ను కావలించుకుని, "క్షమించు నాయనా, మేమన్నా అడగలేకపోతిమి" అని బావురుమన్నాడు.

"చాలు అర్బాబ్" అన్నాడు ఫయాజ్, కళ్లు తుడుచుకుంటూ.

"చాలదు" అన్నాడు రషీద్. "ఆరోజు నా కేకలు ఈ బిల్డింగంతా విన్నారు."

కర్ర పట్టుకుని వరండాలోకి నడిచాడు. అదే మాట అక్కడా చెప్పడానికి వెళ్లి పక్క రూము తలుపు కొట్టాడు.