రెండో కాలితాడు

సాలికా, నేనేనే, అక్కని. ఈ ఫోన్లో మాట్లాడ్డం నాకు చేతకాదు. మధ్యలో ఆగిపోతే మళ్ళీ నొక్కుతా. నా కోడలు జిపార్, ఆవు పాలు పిండడానికెళ్ళింది. అది వచ్చేలోపే చెప్పేయాలి.

రేపు నా మనవడు ఆసాన్ కాలితాడు కోయడానికి నీ కత్తెర తీసుకుని నిన్నే రమ్మన్నాం కదా. కాళ్ళకి తాడు కట్టి కోస్తేనేగా బిడ్డ పరిగెత్తేది. కోసినవాళ్ళ నడకే బిడ్డకి వస్తుంది. నీ ఎడం పాదం లోపలికి తిరిగితేనేం, నీ అంత వడిగా నడిచేవాళ్ళు ఈ కొండల్లో లేరు.

ఉసోన్ సంగతి నీకు తెలుసు. కవలలు పుడితే ఒకడే మిగిలాడు. మంచు కరక్కముందే నా చేతుల్తోనే గుడ్డ చుట్టి మట్టికిచ్చా, నా బంగారుకొండని... సరేలే. ఏడవను.

జిపార్ కుడి రొమ్ము ఆసాన్‌ది, ఎడమది ఉసోన్‌ది. వాడు పోయాక ఎడమది ఎండిపోవాలి కదే. ఎండలేదు.

"ఇంకా పాలు చేపుతున్నాయేంటే?" అంటే నవ్వింది.

"తాగేవాడు తాగుతున్నాడత్తయ్యా."

కడుపుకోతలో అంటోందనుకున్నా. ఆసాన్‌కి పళ్ళొచ్చాయి... దాని ఎడమ రొమ్ము మీద గాట్లు. వీడు కూర్చోడం నేర్చాడు... ఉసోన్ ఖాళీ ఉయ్యాల్లో పరుపు గుంటపడింది. వీడికేదొస్తే వాడికీ అదే. వీణ్ణి ముద్దాడితే చాలు, ఆ ఉయ్యాల కిర్రుమనేది.

ఇవాళ నల్ల ఊలూ తెల్ల ఊలూ కలిపి నేను తాడు పేనుతుంటే, కోడలూ ఒకటి పేనింది. ఖాళీ ఉయ్యాల కాళ్ళకి కట్టింది.

"ఇదెవరికే?"

"మెల్లగా అనండి... వీడొక్కడికే కోస్తే వాడూరుకుంటాడా? ఇప్పటికే కుళ్ళుకుంటున్నాడు."

"పోయినవాడికి నడకెందుకే, పిచ్చి మొద్దూ!"

లాక్కుని ఇనప పొయ్యిలో పడేశా. ఊలు కాలిన కంపు రావాలి కదే. రాలేదు. పచ్చిపాల వాసనొచ్చింది.

అప్పుడే ఆసాన్ కెవ్వుమన్నాడు. నిన్నటిదాకా గోడ పట్టుకుని నిలబడ్డవాడు, నేల మీద పాదం ఆనించడు. చీలమండల చుట్టూ ఎర్రగా తాడు వాత. వీడికింకా కట్టనేలేదు సాలికా!

ఇందాక పొయ్యి దగ్గరికెళ్ళి చూశా. పట్టపగలే. పొయ్యి తలుపు తెరిచుంది. తాడు బయట పడుంది... కాలలేదు. సరిగ్గా మధ్యకి కోసుంది.

అక్కణ్ణించి బూడిద అడుగులు. బుల్లివి. ఒకటి... పడ్డాడు, చెయ్యి ఆనించాడు... మళ్ళీ రెండు... ఆసాన్ పడుకునే పరుపు దాకా.

ఆసాన్ నా ఒళ్ళో ఉన్నాడే. కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఆ బూడిద అడుగుల్లో... ఎడం పాదం లోపలికి తిరిగుంది, నీదిలాగే.

సాలికా... నువ్వింకా మీ ఇంట్లోనే ఉన్నావు కదూ? నీ కత్తెర ఓసారి తీసి చూడవే. దానికేమైనా నల్లవీ తెల్లవీ ఊలు పోగులు...