గుంతలో ఊక బూడిద

ఇనుము చెక్కే లేతు మిషనును ఎక్కించుకుపోవడానికి లారీ వచ్చి షెడ్డు ముందు ఆగేసరికి కుంతల చేతిలో పని వదిలి గడప దగ్గరికి వచ్చింది. మరిది కిశోర్ పొద్దున్నుంచీ మిషను బోల్టులు విప్పుతూనే ఉన్నాడు. భర్త దిబాకర్ వాకిట్లో బీడీ కాలుస్తూ అటు తిరిగి కూర్చున్నాడు. అన్నదమ్ముల మధ్య రెండు రోజులుగా మాటల్లేవు! తను కాపురానికి వచ్చినప్పుడు కిశోర్ ఐదేళ్లవాడు. చద్దన్నంలో ఉప్పూ ఉల్లిపాయా నలిపి ముద్దలు పెట్టి పెంచింది. ఆ పిల్లవాడు ఇవాళ వేరు పోతుంటే ఏం చెప్పి ఆపాలో తెలియక, గడప పట్టుకుని నిలబడిపోయింది ఆ వదిన...

బడబిల్ ఇనుప గనుల్లో ఖనిజం ఎత్తిపోసే లోడర్లు అరిగిపోతే వాళ్ల షెడ్డుకే బాగుకు వచ్చేవి. అరిగిన ఇరుసు మీద దిబాకర్ వెల్డింగుతో లోహం పోసి మళ్లీ లావు చేసేవాడు. దాన్ని షెడ్డులోని గుంతలో వేడి ఊక బూడిద పోసి కప్పెట్టి, ఒక రాత్రీ ఒక పగలూ నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఆ తర్వాత కిశోర్ లేతు మీద కొలతకు చెక్కేవాడు. తొందరపడి గాలి తగలనిస్తే లోపల కంటికి కనపడని బీట పడుతుంది. వాళ్ల చేతి మీదుగా అలాంటి తప్పు ఎన్నడూ జరగలేదు.

అలాంటిది, మొన్న మంగళవారం వాళ్లు బాగుచేసిన ఇరుసే గని ఏటవాలులో పుటుక్కున విరిగింది. లోడరు గట్టుకు ఒరిగి ఆగింది గనుక డ్రైవరు ప్రాణాలతో బయటపడ్డాడు. లేతు మీద ఇరుసు మూల గుండ్రంగా తీయకుండా కత్తిలా కోశావు, అక్కడే విరిగిందని అన్న అన్నాడు. చల్లారకముందే పైకి తీశావని తమ్ముడు అన్నాడు. మాటా మాటా పెరిగింది. నీ చెయ్యి పడి నా పేరు మట్టికొట్టుకుపోయిందని దిబాకర్ నోరు జారాడు. ఆ ఒక్క మాటకు కిశోర్ వెళ్లి లారీ మాట్లాడుకొచ్చాడు.

నిజం కుంతలకు ఆ ఉదయమే తెలిసింది. మార్గశిర గురువారం కదా, ఇంట్లో పాత బూడిద ఉంటే లక్ష్మి గడప తొక్కదు! పొయ్యిలో బూడిద ఎత్తి, పేడతో అలికి, పిండితో లక్ష్మి పాదాలు వేస్తూ తలెత్తితే అత్తగారు హారామణి బుట్ట పట్టుకుని షెడ్డు వైపు వెళ్తోంది. అటెక్కడికని అడిగితే, పోయిన గురువారం మీరంతా గనికీ బజారుకీ పోతే గుంతలో బూడిదంతా నేనే తోడేశాను, సాయంత్రం కొత్త బూడిద పోసి కప్పాను, మీకెవరికీ పట్టదు గదా అని గొప్పగా చెప్పింది ఆవిడ. పోయిన గురువారం ఆ గుంతలో ఉన్నది ఆ ఇరుసే! పగలంతా దానికి మార్గశిరపు చలిగాలి తగిలింది... తన చేత్తోనే కొడుకులు విడిపోయారని తెలిస్తే ఈ వయసులో ఆవిడ మళ్లీ అన్నం ముట్టదు. ఇవాళ్టికి షెడ్డు జోలికి వద్దని కుంతల నచ్చజెప్పి, ఆవిడను ఇంట్లోకి పంపేసింది.

ఇప్పుడు లారీ తలుపు తెరుచుకున్న చప్పుడు వినగానే ఆమె గడప వదిలి షెడ్డులోకి నడిచింది.

"తప్పు మీ ఇద్దరిదీ కాదు. ఆ గురువారం గుంతలో బూడిద ఎత్తేసింది నేను."

దిబాకర్ లేచి వచ్చాడు. "ఇన్నేళ్లుగా చూస్తున్నావు కదే... నీకు తెలీదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది. తల వంచుకుంది.

కిశోర్ పానా కింద పెట్టాడు. "అబద్ధం వదినా. చిన్నప్పుడు ఆ గుంత దగ్గరికి పోతే నా చెవి మెలిపెట్టేదానివి. నువ్వు దాన్ని ముట్టవు."

"ముట్టింది నేను రా." లోపల్నుంచి మాటలన్నీ విని, గోడ పట్టుకుని హారామణి వచ్చి నిలబడింది. "దాన్నేమీ అనకండి. పొద్దున నేను చెబితేనే దానికి తెలిసింది. నా మీద పడకుండా తన నెత్తిన వేసుకుంటోంది పిచ్చిది... ఇంటికి లక్ష్మి రావాలని ఊడ్చాను. నా ఇంటినే ఊడ్చుకున్నానా నాయనా?"

దిబాకర్ తల్లిని పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది అన్నాడు. కిశోర్ కింద పెట్టిన పానా తీసి గుడ్డతో తుడవసాగాడు. బయట లారీవాడు ఎక్కించాలా వద్దా అని విసుక్కుంటున్నాడు.

కుంతల ఇంట్లోకి వెళ్లిపోయింది. పూజ పరమాన్నం చల్లారిపోతోంది. ఆ గురువారపు ప్రసాదం ఇంటివాళ్లకే గాని పైవాళ్లకు పెట్టరు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు కూడా పెట్టరు. మూడు ఆకులు వేసింది. నాలుగోది, కిశోర్‌ది, చేతిలోనే ఉండిపోయింది. వేస్తే ఏమవుతుందో, వేయకపోతే ఏమవుతుందో...

కాళ్లు కడుక్కున్న చప్పుడైంది. కిశోర్ వచ్చి, ఆమె చేతిలోని ఆకు తనే తీసుకుని, అన్న ఆకు పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"నాకు కాస్త ఎక్కువే పెట్టు వదినా. ఆ బోల్టులన్నీ మళ్లీ బిగించాలి."