నూట నాలుగో టేపు

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు చప్పుళ్ళు తప్పవు. కాఫీ మరిగే చప్పుడు, అల్లుడు పుక్కిలించే చప్పుడు, మధ్య గదిలో అంతరిక్ష నౌక నేలకు దిగే చప్పుడు. మొదటి రెండూ పది నిమిషాల్లో సద్దుమణుగుతాయి. మూడోది మాత్రం ముప్పై అయిదేళ్ళుగా దిగుతూనే ఉంది.

"అమ్మా, ఆ నౌకని కాస్త మెల్లిగా దించు. ఇక్కడ పాలు పొంగుతున్నాయి," అంది కూతురు వంటింట్లోంచి.

"పాలకీ నౌకకీ సంబంధమేంటే?"

"రెండింటి గోలా భరించేది నేనొక్కదాన్నే. అదీ సంబంధం."

తల్లి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయింది. వీధి వీధంతా ఆవిడని కమాండరమ్మ అంటుంది. 'ఏడో కక్ష్య' అని టీవీలో ఒక సీరియల్ వచ్చేది. గురువారం గురువారం, సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా. ఒక నౌక, ఒక కెప్టెన్, వారానికొక గ్రహం, ఆ గ్రహానికొక ఆగ్రహం. బొమ్మ రికార్డు చేసే యంత్రం కొనే స్తోమతు అప్పట్లో లేదు. అందుకని ఆవిడ టీవీ ముందు స్టూలేసి, దాని మీద టేపురికార్డరు పెట్టి, ఉత్త శబ్దం పట్టుకునేది. అలా ఆరేళ్ళలో మూడు వందల పన్నెండు క్యాసెట్లు. అందరూ పాటలు టేపు చేసుకుంటే ఈవిడ పేలుళ్ళు టేపు చేసుకుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. టేపురికార్డరుకి ఏది వినాలో, ఏది వినకూడదో తెలియదు. ఇంట్లో ఎవరైనా దగ్గితే ఆ దగ్గు వెళ్ళి శనిగ్రహం మీద పడుతుంది. అందుకని ఆ అరగంటా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. ఒక వేలు చూపిస్తే మంచినీళ్ళు, రెండు వేళ్ళయితే బాత్రూము, మూడు వేళ్ళయితే గుమ్మంలో ఎవరో వచ్చారని. నాలుగో మాటకి వేలు లేదు. కూతురు ఏడేళ్ళకే అన్నీ నేర్చుకుంది. తల్లిది కక్ష్య, కూతురికి మిగిలింది కక్ష. ఆ రెంటికీ మధ్య ఒక్క య వత్తే తేడా.

ఆ కక్ష ఆమె గడ్డం కింద ఉంది, అంగుళం పొడవున. ఏడేళ్ళప్పటి నాలుగు కుట్లు. అద్దం చూసుకున్నప్పుడల్లా అది కుట్టులా కాక కుట్రలా కనిపించేది.

ఇప్పుడామెకి నలభై. ఫిజియోథెరపిస్టు. ఊళ్ళో వాళ్ళ మెడలన్నీ వంచగలదు, తల్లి మెడ తప్ప. క్లినిక్ అద్దెకిచ్చినాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. మధ్య గదికి వీధిలోకి విడిగా తలుపుంది. ఆ గది దొరికితే బల్ల వేసుకుని పని సాగించవచ్చు, దొరక్కపోతే పదేళ్ళ పేషెంట్లు పక్క వీధి పాలు. గదిలోనేమో గోడంతా క్యాసెట్లు. రెండు నెలలుగా అడుగుతుంటే తల్లి "చూద్దాం" అంటోంది. అనేసి వెళ్ళి టేపు వింటోంది.

ఆ రోజు తొమ్మిదింటికి తల్లి లైబ్రరీకి బయల్దేరగానే కూతురు పాత సామాన్లవాడికి ఫోన్ చేసింది.

"అత్తయ్యకి చెప్పావా?" అన్నాడు అల్లుడు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అందరి చూపూ సరిచేస్తాడు కానీ ఇంట్లో మాత్రం ఏదీ చూడనట్టే ఉంటాడు.

"చెప్తాను. అయ్యాక."

"అయ్యాక చెప్తే దాన్ని చెప్పడం అనరు, సంతాపం తెలపడం అంటారు."

"ఏమండీ, మీ షాపు తెరిచే టైమైంది."

ఆయన కదల్లేదు. మూడు గోనెసంచులు నిండాయి. సామాన్లవాడు వాటిని బండికి ఎక్కిస్తుండగా, లైబ్రరీ తలుపులు మూసి ఉన్నాయని తల్లి వెనక్కి వచ్చింది. గేటు దగ్గర ఆగి, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన క్యాసెట్టు మీద తన చేతిరాత చూసింది. అరవలేదు. ముప్పై ఏళ్ళు కనెక్షన్లు కలిపిన గొంతు అది, ఎంత కోపంలోనైనా లైను క్లియరుగా ఉంటుంది.

"నాయనా, నీ బండి ఎంత బరువు మోస్తుంది?"

"రెండొందల కిలోలు మోస్తుందమ్మా."

"నేను అరవై రెండు. నా పెట్టెతో డెబ్బై అనుకో. నాకూ చోటుంటుందిగా?"

ఆవిడ లోపలికి వెళ్ళి నిజంగానే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. సామాన్లవాడు సంచులు దించి, "మీరు మీరు తేల్చుకుని ఫోన్ చెయ్యండి," అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

"నాటకాలొద్దమ్మా," అంది కూతురు, గది గుమ్మంలో నిలబడి.

"ఎవరినడిగి ఇచ్చావు?"

"రెండు నెలల్నుంచీ అడుగుతూనే ఉన్నాను."

"ఒక్క రోజు ఆగలేకపోయావు."

"ఆగడం నాకు నేర్పకు. అరగంటలకి అరగంటలు ఆగి పెరిగినదాన్ని."

తల్లి చీర మడత పెడుతూ ఆగింది. "నీకోసం ఉద్యోగం చేశాను, వంట చేశాను. నైట్ షిఫ్టులు చేసే మీ నాన్నతో సంసారం చేశాను. వారానికి అరగంట నాకోసం ఉంచుకున్నాను. అది కూడా నీకు బాకీయేనా?"

"ఆ అరగంటలో నేను నీ కూతుర్ని కాదు, బయటి చప్పుడుని."

తల్లి బయటికొచ్చి గోనెసంచులు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి హాల్లో కుమ్మరించింది. మూడు వందల పన్నెండు క్యాసెట్లు నేల మీద పరుచుకున్నాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూచుని వెతకసాగింది. అల్లుడు కూడా వంగాడు.

"ఏ నంబరు అత్తయ్యా?"

"నూట నాలుగు."

"మిగతా మూడొందల పదకొండూ?"

"తర్వాత చూద్దాం బాబూ. ముందది పోలేదు కదా అని చూడు."

కూతురికి ఒళ్ళు మండింది. బల్ల మీద రిజిస్టరు ఉంది. ఎక్స్‌ఛేంజీ అలవాటు, అన్నీ గీతలు కొట్టి రాసుకుంది. ప్రతి నంబరు పక్కనా, ఎన్నిసార్లు విందో అన్ని టిక్కులు. కొన్నింటికి నలభై, కొన్నింటికి అరవై. నూట నాలుగు పక్కన ఒక్క టిక్కూ లేదు. చిన్న అక్షరాల్లో 'వినలేదు' అని మాత్రం ఉంది.

"ఇదేంటి? ప్రాణం పోతున్నట్టు వెతుకుతున్నావు, ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి వినలేదా?"

"లేదు."

"ఎందుకని?"

తల్లి తలెత్తకుండానే అంది. "ఆ రోజే నీ గడ్డం పగిలింది."

క్యాసెట్టు దొరికిన అల్లుడు దాన్ని పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక, అలాగే వంగి ఉండిపోయాడు.

"అయితే పెట్టండి," అంది కూతురు. "వినిపించండి. వంటింట్లో ఇంకో స్టూలెక్కి డబ్బా అందుకోబోయి పడ్డాను. నువ్వు 'ష్' అన్నావు. గడ్డం నుంచి రక్తం కారుతుంటే నోరు మూసుకుని కూచున్నాను. సీరియల్ అయిపోయాక, ఆ చివరి పాట కూడా అయ్యాక, అప్పుడొచ్చావు. నేనేదో కల్పించానంటావుగా. సాక్ష్యం నువ్వే దాచిపెట్టావు. పెట్టండి."

"వద్దే."

"ఎందుకొద్దు?"

"నువ్వు కల్పించావని నేనెప్పుడైనా అన్నానా?" తల్లి గొంతు మొదటిసారి లైను తప్పింది. "నిజమే, 'ష్' అన్నాను. అది వినలేకే ముప్పై మూడేళ్ళు ముట్టుకోలేదు. పారేద్దామంటే చేతులు రాలేదు. నా తప్పు అందులో ఉంది, దాన్ని చెత్తలో వేసి కడుక్కోనా? చాలా?"

"చాల్లేదు."

టేపురికార్డరులో రబ్బరు బెల్టు జారుతోంది. అల్లుడు కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవరుతో దాన్ని సరిచేశాడు. మీట నొక్కాడు.

ముందు బుసబుసమని గాలి. తర్వాత సంగీతం. కెప్టెన్ గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తున్నాడు, మంచు పెళపెళమంటోంది. ఎనిమిది నిమిషాలో తొమ్మిదో గడిచాయి. మంచు విరిగింది, కెప్టెన్ కేక పెట్టాడు. సరిగ్గా అప్పుడు దూరంగా స్టూలు పడింది, డబ్బా దొర్లింది, దాని మూత నేల మీద గిర్రున తిరిగి తిరిగి ఆగింది.

"ష్..."

మైకుకి దగ్గరగా, పదునుగా. అది చాలా బాగా రికార్డయింది. తల్లి కళ్ళు మూసుకుంది. కూతురు గెలిచినట్టు చూడబోయింది, చూడలేకపోయింది.

సరస్సు బుడగలు వదులుతోంది. నౌకలో ఎవరో కెప్టెన్ని పిలుస్తున్నారు. అల్లుడు గడియారం చూసుకుంటున్నాడు. పదకొండు సెకన్లు.

"చిట్టీ?" అంది టేపులో గొంతు, చాలా నెమ్మదిగా.

జవాబు లేదు. "చిట్టీ?" కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. మైకు కూడా దొర్లినట్టుంది, గరగరమంది. పరుగు. వంటింట్లోంచి అదే గొంతు, ఇంకెప్పుడూ ఎవరూ ఆ ఇంట్లో విననంత గట్టిగా.

"ఏంటే, చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యవే. అయ్యో తల్లీ. ఏడువు. ఏం ఫరవాలేదు, ఏడువు. గట్టిగా ఏడవవే నా తల్లీ."

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక పసిగొంతు ఒక్కసారిగా, ఊపిరంతా బిగబట్టి వదిలినట్టు, ఏడ్చింది. ఏడుపు గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు దభాలున పడింది. మెట్ల మీద చెప్పుల్లేని అడుగులు.

ఆ తర్వాత ఖాళీ ఇంట్లో సీరియల్ తన మానాన తను నడుస్తోంది.

కూతురు నేల మీద క్యాసెట్ల మధ్యలోనే కూచుండిపోయింది. చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్ళింది. తనకి గుర్తున్న చివరి పాట ఆ రోజుది కాదు. ఎన్నో గురువారాల పాటలు కలిసిపోయి, ఆ గాయం మీద అతుక్కుపోయాయి.

"నువ్వు పరిగెత్తుకొచ్చావు," అంది.

"వచ్చానా?" తల్లి ఆ గొంతు తనదేనా అన్నట్టు టేపురికార్డరు వైపు చూస్తోంది. "నాకు 'ష్' ఒక్కటే గుర్తుండిపోయిందే. తర్వాతదేదీ గుర్తు లేదు."

"నాకూ అంతే."

"రోజూ 'ష్' అన్నాక గొణిగేదానివి. ఆ రోజు గొణగలేదు. అందుకే భయమేసి ఉంటుంది."

"పదకొండు సెకన్లు పట్టింది అత్తయ్యా," అన్నాడు అల్లుడు, ఇద్దరికీ కాకుండా గడియారానికి చెప్తున్నట్టు.

"పదకొండు ఎక్కువే బాబూ," అంది తల్లి.

"ఎక్కువే," అంది కూతురు. "కానీ నేను ముప్పై మూడేళ్ళుగా ఇరవై నిమిషాలనుకుంటున్నాను." తల్లి ఒడిలో తల పెట్టి, ఆ టేపులో పిల్ల ఏడ్చినట్టే, గట్టిగా ఏడ్చింది. తల్లి ఈసారి ష్ అనలేదు. వీపు మీద చెయ్యి వేసి, పాత స్విచ్‌బోర్డు తీగలు సవరించినట్టు జుట్టు సవరిస్తూ కూచుంది.

కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ అంది కూతురు. "పెట్టె విప్పెయ్యి. క్యాసెట్ల అల్మారా పైకి కొట్టిద్దాం, గోడకి. కింద నా బల్ల పడుతుంది."

"మెడకి తాళ్ళు కట్టి లాగుతావు చూడు, వాళ్ళు అరగంట కదలకూడదుగా?"

"కదలకూడదు. అయితే?"

"ఏం లేదు. వాళ్ళ వినికిడి ఎలా ఉంటుందోనని."

"అమ్మా, పేషెంట్ల జోలికొస్తే మళ్ళీ బండి పిలుస్తాను."

నేల మీద టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. సరస్సు అడుగున ఏదో పెద్ద తలుపు తెరుచుకుంటున్న మోత. తల్లి మెడ సాగింది. ఆ సగం ఆవిడా ఎన్నడూ వినలేదు. ఆ సీరియల్ మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. నూట అయిదులో కెప్టెన్ బతికే ఉన్నాడని తెలుసు, ఎలా బతికాడన్నది తెలియకుండానే ఆవిడ జుట్టు నెరిసింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. నీళ్ళ మోత తగ్గింది. ఒక కొత్త గొంతు కెప్టెన్‌తో మాట్లాడబోతోంది.

కూతురు నోరు తెరిచి, చప్పున మూసుకుని, అలవాటుగా చెయ్యెత్తింది. ఏ వేలు చూపాలో తోచక అయిదు వేళ్ళూ అలాగే గాల్లో ఉండిపోయాయి.

తల్లి వంగి పాజ్ మీట నొక్కింది. ఇల్లంతా ఆగింది.

"చెప్పు," అంది. "వింటున్నాను."