మూడో స్తంభం దగ్గర

గూఢచారి శాఖ చీఫ్ టేబుల్ మీదుగా ఏజెంట్ ట్వంటీ టూ వైపు చీటీ తోశాడు. అందులో నాలుగే మాటలు. "ఐదో రేసు. మూడో స్తంభం."

"నెమలి పంపింది," అన్నాడు.

నెమలి అంటే గుర్రాల యజమానురాలు, ఆకుపచ్చ టోపీ అందగత్తె. మనకూ పనిచేస్తుంది, విదేశీ ముఠాకూ పనిచేస్తుంది. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"పోయిన వారం డ్రోన్ చూసి ఓ గుర్రం బెదిరింది. జాకీ భుజం విరిగింది. ఎవడో వీడియో పిచ్చోడనుకుంది క్లబ్బు. కాదు, అది రిహార్సల్! ఇవాళ డ్రోన్ గుర్రాల మొహాల మీదికే దిగుతుంది. పది గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. జనం చెల్లాచెదురవుతారు. ఆ గలాటాలో వీఐపీ బాక్సులోంచి మన రాడార్ సైంటిస్టును ఎత్తుకుపోతారు."

"రేసు ఆపేస్తే, సార్?"

"ముఠా జారుకుంటుంది. రెండేళ్ల శ్రమ నీళ్లపాలు."

ట్వంటీ టూ చీటీని మళ్లీ చదివాడు. ఐదో రేసులో ఆరో నంబరు గుర్రం మీద స్వారీ చేసేది అతని సొంత చెల్లెలు. తుపాకీ గొట్టాల ముందు నిలబడ్డ మనిషే గానీ, చెల్లెలి రేసు మాత్రం ఒక్కటీ చూడలేదు. అంత భయం అతనికి.

మధ్యాహ్నం మూడున్నర. ట్వంటీ టూకి పెట్టుడు బుర్ర మీసం, తెల్ల యూనిఫాం, చేతిలో ఆంబులెన్స్ స్టీరింగ్. వెనక ఆక్సిజన్ సిలిండర్‌లో జామర్. వాల్వు తిప్పితే చాలు, రెండొందల గజాల లోపు ఏ డ్రోన్‌నైనా పడగొడుతుంది. ట్రాక్ లోపలి రోడ్డు మీద, స్టార్టింగ్ గేటు నుంచి లెక్కపెట్టుకుని మూడో తెల్ల స్తంభం దగ్గర బండి ఆపాడు. ఆపాడే గానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. అద్దం సర్దాడు, వాచీ చూశాడు, మళ్లీ అద్దం సర్దాడు.

"రేసుకి గుర్రాల వెనకే వెళ్లాలి కదయ్యా, ఇక్కడ కాపురం పెట్టావేంటి?" అని విసుక్కున్నాడు పక్కసీట్లోని ముసలి కాంపౌండరు.

గేటు తెరుచుకుంది. నేల అదిరింది. గుర్రాలు పక్కనుంచి దూసుకుపోయాయి. ఆరో నంబరు అందరికన్నా ముందుంది.

ఆకాశం ఖాళీ.

ట్వంటీ టూ బైనాక్యులర్స్ ఎత్తాడు. దూరంగా స్టాండులో నెమలి కూడా బైనాక్యులర్స్‌తోనే ఉంది. కానీ ఆమె చూస్తున్నది ఇటు కాదు, మలుపు అవతలికి.

"తాతా, ఇది మూడో స్తంభమే కదా?"

"నీ మొహం! ఇది ఐదోది. రేసుల్లో స్తంభాలు గెలుపు గీత నుంచి వెనక్కి లెక్కపెడతారు. మూడోది అదిగో, మలుపు దాటాక!"

నెమలి అబద్ధం చెప్పలేదు. ఆఫీసే తలకిందులుగా చదివింది.

ఆంబులెన్స్ గర్జించింది. సైరన్ వేస్తే గుర్రాలు బెదురుతాయి. సైరన్ లేకుండానే తొంభై, నూరు. కాంపౌండరు సీటును కావలించుకున్నాడు. మలుపు దాటగానే స్టాండు పైనుంచి నల్లటి డ్రోన్ దిగుతూ కనిపించింది. నాలుగొందల గజాలు. మూడొందలు. గుర్రాల గుంపును దాటి ముందుకు దూకాడు. రెయిలింగ్ పక్కనే చెల్లెలు, తల వంచి గాలిలో తేలుతోంది. ఆమె మొహానికీ డ్రోన్‌కీ మధ్య ఇక మూడు క్షణాలు.

"తాతా, సిలిండర్ వాల్వు తిప్పు!"

"పేషెంటే లేడుగా!"

"తిప్పు మహాప్రభో!"

తిప్పాడు. డ్రోన్ తూలి, గిర్రున తిరిగి గడ్డిలో కూలింది. వీఐపీ బాక్సు వెనక స్ట్రెచర్‌తో కాచుకున్న నలుగురు ముఠా మనుషుల్నీ మనవాళ్లు అక్కడికక్కడే బంధించారు. నెమలి టోపీ సర్దుకుని, మన వైపు గెలిచినందుకు మన మనిషిలాగే చప్పట్లు కొట్టింది.

రేసు ముగిసింది. చెల్లెలు కొరడా పట్టుకుని నేరుగా ఆంబులెన్స్ దగ్గరికి వచ్చింది.

"ఏయ్ డ్రైవర్, కళ్లు నెత్తికెక్కాయా? నీ డొక్కు బండికి బెదిరి నా గుర్రం పక్కకి జరిగింది. గుర్రం మెడంత తేడాలో కప్పు పోయింది!"

ట్వంటీ టూ తల వంచుకున్నాడు. ఆమె ఎంత గట్టిగా తిడితే అతనికి అంత హాయిగా ఉంది.

"తప్పయింది మేడం," అన్నాడు గొంతు మార్చి.

రాత్రి భోజనాల దగ్గర చెల్లెలు ఆ డ్రైవర్‌ని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టి తిట్టింది. "అలాంటి వెధవలకి ఉద్యోగాలు ఎవడిస్తాడో!" అంటూ అన్నయ్య కూడా తన వంతు నాలుగు తిట్లు కలిపాడు.