వంక లేని ఇల్లు

"పదింటికి రమ్మని చెప్పి పావుతక్కువ పదకొండుకి వస్తారా బ్రోకర్ గారూ? మాకేం పనీపాటా లేదనుకున్నారా?"

ఆయాసపడుతూ నాలుగో అంతస్తుకి చేరిన కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. మెట్ల మీద ఇంకెవరూ లేరు. అంటే ఆ అక్షింతలు తనకే.

చీవాట్లు పెట్టిన అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఒంటిపూట సెలవు పెట్టి వచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు అయిన వాళ్ళ నాన్న తుంటి విరిగి వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. ఇప్పుడున్న ఇంటికి గుమ్మం ముందే తొమ్మిది మెట్లు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆయన వీధి మొహం చూడలేదు.

"సారీ అండీ. రండి, చూద్దాం," అన్నాడతను బుద్ధిగా.

రంగులు వేయడానికి తలుపులు బార్లా తీసి ఉంచారు. అతనే ముందు నడిచాడు. "ఇది వంటగది. ఇద్దరు నిలబడితే ఒకరు ఊపిరి బిగపట్టాలి. ఇది రెండో బెడ్‌రూమ్. మంచం పడుతుంది. మనిషి పడుకుంటే మాత్రం కాళ్ళు హాల్లోకి వస్తాయి."

ఆమెకి నవ్వాగలేదు. "ఇలా చెప్తే మీ వ్యాపారం మూడు రోజుల్లో మూతపడుతుంది."

అప్పుడే ఒక లావుపాటాయన రొప్పుతూ లోపలికొచ్చాడు. "ఆలస్యమైందమ్మా, లిఫ్ట్ ఆగిపోయింది. నేనే బ్రోకర్‌ని."

ఆమె మొహం కందగడ్డయింది. "మరి మీరెవరు?"

"లిఫ్ట్ మెకానిక్‌నండీ. నేనూ ఇల్లు చూడ్డానికే వచ్చాను, నాకూ మా నాయనమ్మకీ."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తేగా."

వెళ్ళబోతూ అతను గుమ్మంలో ఆగాడు. "నాన్నగారు వాకర్‌తో నడుస్తారని బ్రోకర్ గారు చెప్పారు. ఈ ఇల్లు తీసుకోకండి. ఇందాక వస్తూ చూశాను, లిఫ్ట్ రోప్ అరిగిపోయింది. వారానికి రెండుసార్లు ఆగుతుంది."

"భలే ఎత్తే! నేను వద్దంటే మీరు ఎగరేసుకుపోదామనా?"

అతను మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఖాయం చేసుకుందామని వెళితే ఇంటావిడ నిట్టూర్చింది. "ఆ అబ్బాయి కూడా వద్దన్నాడమ్మా. పైగా లిఫ్ట్ బాగుచేయించేదాకా ముసలివాళ్ళున్నవాళ్ళకి ఇవ్వద్దని నాకు క్లాసు పీకి మరీ వెళ్ళాడు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. బ్రోకర్ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "నేనండీ... నిన్న మిమ్మల్ని తిట్టినదాన్ని."

"ఏ తిట్టుకి ఫోన్ చేశారు? మొదటిదానికా, రెండోదానికా?"

"రెండింటికీ సారీ."

"సారీ తర్వాత. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక ఇల్లుంది. ఒక్క మెట్టు కూడా లేదు. పొద్దున్నే చూసొచ్చాను. చూస్తారా?"

"మరి మీకో?"

"మా నాయనమ్మ నాకన్నా వేగంగా మెట్లెక్కుతుంది. మాకు ఏదైనా పరవాలేదు."

ఆ ఇంట్లో దిగిన మొదటి సాయంత్రం నాన్న వాకర్ నెట్టుకుంటూ గేటు దాటి, వీధిలో పోతున్న బస్సుని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆ రాత్రే అతనికి మెసేజ్ పెట్టింది: "మీ ఇల్లు వెతికే పూచీ నాది."

ఇక ప్రతి ఆదివారం ఇద్దరూ బైకు మీద ఇళ్ళవేట. ఒక ఇంట్లో వెలుతురు చాలదంది. ఇంకో ఇంట్లో వెలుతురు ఎక్కువ, కళ్ళకి మంచిది కాదంది. ఒకచోట కుళాయి శబ్దం నచ్చలేదు. మరోచోట ఎదురింటి కుక్క చూపు బాలేదంది.

"కుక్కకి కూడా కళ్ళజోడు రాస్తారా?" అన్నాడతను. ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

ఆరో ఆదివారం మంచి ఇల్లు దొరికింది. రెండు విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, మొదటి అంతస్తు. ఆమె ఎంత వెతికినా వంక దొరకలేదు. చివరికి, "మెట్లు నున్నగా ఉన్నాయి. పెద్దావిడ జారిపడితే?" అంది. అతను సరేనని కిందికి దిగాడు.

బయటికి రాగానే వాన. ఇద్దరూ మూసి ఉన్న ఒక షాపు చూరు కింద ఒదిగి నిలబడ్డారు. అతని ఫోన్ మోగింది.

"ఇంకా లేదు నాయనమ్మా... వచ్చే వారం తప్పకుండా... పెట్టె సర్దుకుని ఎన్ని రోజులైంది?... అవునే, తెలుసు. బాబాయి వాళ్ళు హాల్లో పడుకోబెడుతున్నారనీ తెలుసు."

అతను ఫోన్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మెట్లు నున్నగా లేవు," అంది మెల్లగా.

"ఏంటి?"

"కుళాయి బానే ఉంది. కుక్కా మంచిదే. అన్నీ కావాలనే చెప్పాను. మీకు ఇల్లు దొరికితే ఆదివారం మీరు రారుగా! అక్కడ పెద్దావిడ పెట్టె సర్దుకుని కూర్చుందని నాకు తెలీదు. నన్ను తిట్టండి."

అతను తిట్టలేదు.

"నాకు రెండో ఆదివారమే అర్థమైంది," అన్నాడు. "వెలుతురు ఎక్కువైందని ఎవరైనా ఇల్లు వద్దంటారా? తెలిసీ నోరు మూసుకున్నాను. తప్పు నీ ఒక్కదానిదే కాదు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"అయితే ఇంకా నిలబడ్డావేం? వేరేవాళ్ళు తీసేసుకుంటారు, పద!" అని అతని చెయ్యి పట్టుకుని వానలోకి లాగింది. ఇంటాయన తలుపు తీసేసరికి ఇద్దరూ తడిసి ముద్దయి గుమ్మంలో ఉన్నారు. "ఇల్లు మాకే ఇవ్వండి," అన్నారు ఒకేసారి. ఆ 'మాకే'కి ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి.

నాలుగో రోజున నాయనమ్మ దిగింది. మెట్లు చకచకా ఎక్కి, పెట్టె రెండో గదిలో పెట్టి, ఇల్లంతా తిరిగింది. మొదటి గది గుమ్మం దగ్గర ఆగి, సామాను సర్దడానికి వచ్చిన ఆమెని పిలిచింది.

"తల్లీ, కళ్ళు పరీక్ష చేసేది నువ్వేగా? వాడికి రంగుల సంగతి బొత్తిగా తెలీదు. ఈ గదికి కర్టెన్లు ఏ రంగువి కావాలో నువ్వే చెప్పు."

"ఆయన గది కదా నాయనమ్మా, నేనెందుకు చెప్పడం?"

"రేపు నువ్వుండే గదికి నువ్వు చెప్పకపోతే నేను చెప్తానా? మీ నాన్నతో పొద్దున్నే మాట్లాడాను. ఆయనకి సమ్మతమే, నీ నోటితో వినాలన్నాడు. ఊఁ, చెప్పు."

ఆమె హాల్లో ఉన్నతని వైపు చూసింది. అతను గోడకి మేకు కొడుతున్నట్టు నటిస్తున్నాడు. చేతిలో సుత్తి ఉంది గానీ మేకు లేదు.

"నీలం," అంది.